చంద్రునికి పోయి మఱల వచ్చుట: కంప్యూటరు తెరపై ఒక పాఠము

చంద్రుని యొద్దకు పోవుట యెట్లో చెప్పు పుస్తకములు పెక్కు గలవు. అచ్చటినుండి తిరిగి వచ్చుట యెట్లో వివరించునవి అరుదు. పోవుటకంటె వచ్చుటయే కష్టమనియు, వచ్చుటకు వలసిన సన్నాహమంతయు పోకమునుపే చేసికొనవలయుననియు విద్యార్థులకు చేతికి దొరకునట్లు తెలియజెప్పు సాధన మొకటి యిప్పుడు మనకు లభించుచున్నది. దాని పేరు ఆర్బిటర్. వ్యోమయానమును కంప్యూటరు తెరపై ఉన్నదున్నట్లు అనుకరించు సిమ్యులేటరు ఇది. లండను యూనివర్సిటీ కాలేజీలోని మార్టిన్ ష్వైగర్ అను శాస్త్రజ్ఞుడు దీనిని రచించి 2000 సంవత్సరమున ప్రకటించెను. 2021లో దీని మూలరచనయు అందఱికిని స్వేచ్ఛగా లభించునట్లు చేసెను. దీనికి వెల లేదు. ఒకసారి కంప్యూటరులో నెక్కించుకొనినచో పిదప ఇంటర్నెట్టుతో పనియు లేదు. కావున గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలోని గ్రామ పాఠశాలలకు గూడ నిది అక్కఱకు వచ్చును.

తల్లిదండ్రులలో కొందఱు ఇది ఆటయే కదా యని సందేహింపవచ్చును. ఆటయే. అయితే ఈ యాటలో శత్రువులు లేరు, తుపాకులు లేవు, గెలిచినవానికి మ్రోగు బాజాలును లేవు. న్యూటను సూత్రములు తప్ప వేఱు నిబంధన లేదు. లెక్క తప్పిన బాలుడు చంద్రునిపై గూలును. లేదా చంద్రుని దాటిపోయి, ఇంధనము లేక, సూర్యుని చుట్టు తిరుగుచుండును. వానిని దండించుటకు ఉపాధ్యాయు డక్కఱలేదు.

మొదట ఖర్చు సంగతి చూతము. బస్సు ప్రయాణమున దూరమును బట్టి ఖర్చు. వ్యోమయానమున నట్లు కాదు. ఒకసారి త్రోసిన నౌక, గాలి లేని చోట, ఆగక పోవుచునే యుండును గదా! ఖర్చంతయు వేగమును మార్చుటయందే యున్నది. వేగము పెంచినను ఖర్చే, తగ్గించినను ఖర్చే, దిక్కు మార్చినను ఖర్చే. భూమిపైనుండి లేచి భూమి చుట్టు తిరుగు కక్ష్యను చేరుటకు, గాలి యొరపిడితోను భూమి యాకర్షణతోను పెనగులాడుటలో పోవునది కూడ కలుపుకొని, సెకనుకు సుమారు 9.4 కిలోమీటర్ల వేగము వలయును. ఆ కక్ష్యనుండి చంద్రుని వైపు మరలుటకు 3.1, చంద్రుని చుట్టు నిలుచుటకు 0.9, నేలపై దిగుటకు 1.9; మఱల లేచుటకు 1.9, భూమివైపు బయలుదేరుటకు 0.9. ఇవి యన్నియు సుమారు లెక్కలు. తెలివిగలవాడు కొంత మిగుల్చును, తొందరపడువాడు కొంత పోగొట్టుకొనును. పెద్ద భేద ముండదు.

ఈ సంఖ్యలు చూచుటకు చిన్నవి. వాని బరువు తెలియవలెనన్నచో జాతరకు బండి గట్టిన రైతును తలచుకొనుడు. దారిలో ఎక్కడను మేత దొరకదని తెలిసి, రాకపోకలకు వలయు గడ్డి నంతయు బండిలోనే వేసికొనవలెను. దూరము హెచ్చినకొలది గడ్డి హెచ్చును. గడ్డి హెచ్చినకొలది బండి బరువెక్కును. బండి బరువెక్కినకొలది ఎద్దులు మఱింత మేయును. అనగా గడ్డిని మోయుటకే కొంత గడ్డి వలయును. రాకెట్టున కిదియే చిక్కు. రష్యా దేశమున బడిపంతులుగా నుండిన కాన్‌స్టాంటిన్ ట్సియోల్కోవ్‌స్కీ 1903లో ఈ చిక్కునకు సూత్రము ప్రకటించెను. రాకెట్టునుండి వెలువడు పొగవేగము సెకనుకు 3.1 కిలోమీటర్లనుకొందము, సామాన్యముగ నిలువయుంచదగిన ఇంధనములకు ఇంచుమించుగా నంతే. అప్పుడు నౌకవేగమును 3.1 కిలోమీటర్లు మార్చిన ప్రతిసారియు, మిగులవలసిన బరువునకు 2.7 రెట్లు బరువుతో బయలుదేరవలయును. 1.9 మార్చుటకు 1.85 రెట్లు, 0.9 మార్చుటకు 1.34 రెట్లు.

ఇప్పుడు వెనుకనుండి లెక్కింతము. భూమిపై దిగవలసిన పేటిక బరువు 1,000 కిలోగ్రాములు. ఇంధనపు తొట్టెల బరువును, యంత్రముల బరువును ప్రస్తుతము విడిచిపెట్టుదము. చంద్రకక్ష్యనుండి తిరుగు ప్రయాణము చేయుటకు అది 1,340 కిలోగ్రాములై యుండవలెను. చంద్రుని నేలపైనుండి లేచునప్పుడు సుమారు 2,470. దిగక పూర్వము 4,560. చంద్రుని చేరబోవునప్పుడు 6,100. భూకక్ష్యలో బయలుదేరునాటికి 16,500! ఒక్క టన్ను ఇల్లు చేరుటకు పదునాఱున్నర టన్నులు భూమి చుట్టు తిరుగుచుండవలెనన్నమాట. ఆ పదునాఱున్నర టన్నులను అంత ఎత్తునకు మోసిన రాకెట్టు బరువు వేఱు.

ఇందులో ఒక పొరపాటు దాగియున్నది, చదువరులు కనిపెట్టిరేమో. ఇంటికి వచ్చుటకు వలయు గడ్డిని చంద్రుని నేలవఱకు మోసికొనిపోయి, మఱల పైకి మోయుట దేనికి? ఊరి వెలుపల చెట్టుక్రింద దించిపోరాదా? అదియే ఉపాయము. పేటికను, దాని తిరుగు ఇంధనమును, మొత్తము 1,340 కిలోగ్రాములు, చంద్రకక్ష్యలోనే విడిచి, 200 కిలోగ్రాముల చిన్ననౌకను మాత్రము క్రిందికి పంపుదము. అది పైకి లేచుటకు 370, దిగుటకు 680 కిలోగ్రాములు చాలును. రెంటిని కలిపిన చంద్రకక్ష్యలో 2,020. చంద్రుని చేరబోవునప్పుడు 2,700. భూకక్ష్యలో 7,300. పదునాఱున్నర టన్నులు సగముకంటె తక్కువయ్యెను! అమెరికా దేశమున జాన్ హూబోల్ట్ అను ఇంజనీరు ఈ మార్గమే మేలని పట్టుబట్టి వాదించెను. 1962లో అచ్చటి అధికారులు దానినే అంగీకరించిరి. అపోలో నౌకలు పోయి వచ్చినది ఈ మార్గముననే. కాని ఈ లాభమునకు మూల్య మొకటి గలదు. చంద్రునినుండి లేచిన చిన్ననౌక, కక్ష్యలో తిరుగుచున్న పెద్దనౌకను వెదకి పట్టుకొని దానితో అతుకుకొనవలెను. అతుకు కుదురనిచో లోనివారు ఇల్లు చేరరు.

ఇక సిమ్యులేటరులోని ప్రయాణమునకు వత్తము. ఆర్బిటరులో మొదటివారికొఱకు డెల్టా గ్లైడర్ అను కల్పిత నౌక యొకటియు, చంద్రునిపై బ్రైటన్ బీచ్ అను కల్పిత స్థావరమొకటియు గలవు. ఆ నౌకలోని ఇంధనము నిజమైన ఏ నౌకకును లేనంత బలము గలది. దానితో పోయివచ్చుట అభ్యాసమునకు మంచిదే, అయితే అది కష్టమైన ప్రయాణము కాదు. ఇంధనము తరగకుండునట్లు చేయు మీట కూడ అందు గలదు. దానిని ముట్టకుండుటయే మేలని నా యభిప్రాయము; ఆ మీట వేసిన పిమ్మట నేర్చుకొనుటకు మిగులునది చిత్రములు చూచుటయే. కష్టమైన ప్రయాణము కోరువారికి అపోలో నౌకను, దాని నాటి కంప్యూటరుతో సహా, పునర్నిర్మించిన అనుబంధ మొకటి ఉచితముగా దొరకును. చేయి తిరిగినవారికే అది తగును.

బయలుదేరు వేళను ఎన్నుకొనుట మొదటి పరీక్ష. భూమి తూర్పునకు తిరుగుచున్నది గనుక తూర్పునకు ఎగిరిన నౌకకు కొంత వేగము ఊరకయే లభించును. ఉత్తర అక్షాంశము 13.7 డిగ్రీల యొద్దనున్న మన శ్రీహరికోటలో నది సెకనుకు 450 మీటర్లు. కాని చంద్రుని కక్ష్య భూమధ్యరేఖకు వాలుగా నున్నది. మన కక్ష్యయొక్క తలము చంద్రుడు ఉండబోవు చోటికి సరిపడని వేళ ఎగిరినచో పిదప దిక్కు మార్చుకొనవలసివచ్చును. భూకక్ష్యలో పది డిగ్రీలు దిక్కు మార్చుటకు సెకనుకు 1.36 కిలోమీటర్ల ఖర్చగును. చంద్రునినుండి ఇంటికి వచ్చు ఖర్చుకంటె నిది యెక్కువ! గడియారము చూచుకొని రెండు గంటలు వేచియున్నవానికి ఆ ఖర్చంతయు మిగులును.

రెండవది చంద్రుని వైపు మరలుట. ఇచ్చట మన ప్రాంతపు బాలురకు ఒక దృష్టాంతము చాలును. కృష్ణ నిండుగా పాఱునప్పుడు పుట్టి వేయువాడు ఎదుటి రేవునకు సూటిగా తెడ్డు వేయడు. మొదట పుట్టిని గట్టు వెంబడి ఎగువకు ఈడ్చుకొనిపోయి, అచ్చట నీటిలో విడుచును. ప్రవాహము తన్ను ఎంత క్రిందికి త్రోయునో వాడెఱుగును. ఇచ్చట కదలునది రేవు, అంతే భేదము. చంద్రుడు దినమునకు 13 డిగ్రీలు ముందునకు జరుగును. మూడు దినముల ప్రయాణమైనచో నేడు కనబడు చంద్రునికంటె సుమారు 40 డిగ్రీల ముందునకు గుఱి పెట్టవలెను. గుఱి యెంత సన్నమైనదో చూడుడు: చంద్రుని యాకర్షణను లెక్కలోనికి తీసికొననిచో, బయలుదేరు వేగములో సెకనుకు ఒక్క మీటరు తప్పినను కక్ష్యయొక్క దూరపు కొన 4,000 కిలోమీటర్లకు పైగా జరిగిపోవును. చంద్రుని వ్యాసార్ధము 1,737 కిలోమీటర్లే. అందుచేతనే దారిలో ఒకటి రెండుసార్లు స్వల్పముగా సవరించుకొనుట తప్పదు. త్వరగా సవరించినచో చెంచాడు ఇంధనముతో పోవును; చంద్రుని ముంగిట సవరించినచో కడివెడు కావలెను.

దారిలో పని లేదు. సిమ్యులేటరులో టి అను మీట నొక్కిన కాలము పదిరెట్లు త్వరగా నడచును, ఆర్ అను మీటతో తగ్గును. ఇంజను మండుచుండగా టి నొక్కకుడు.

చంద్రుని చేరుట దాని వెనుకవైపున జరుగును. అచ్చటికి భూమి కనబడదు, రేడియో మాట వినబడదు. నౌక తన వేగమును తానే తగ్గించుకొనవలెను. తగ్గింపనిచో చంద్రుని చుట్టివచ్చి దూరముగా పోవును. తగిన మార్గమును ముందే యెన్నుకొన్నచో, ఇంజను వేయకున్నను చంద్రుని యాకర్షణయే నౌకను త్రిప్పి భూమివైపునకు పంపును. మొదటి అభ్యాసముగా విద్యార్థులు ఈ ఉచితపు తిరుగుదారినే పట్టుట మంచిది. 1970 ఏప్రిలులో అపోలో 13 నౌకలో ప్రాణవాయువు తొట్టి పగిలినప్పుడు, అప్పటికే ఆ దారిని విడిచియున్న నౌకను చిన్ననౌక ఇంజనుతో మఱల ఆ దారికే చేర్చిరి. చల్లబడిపోయిన పేటికను అతి స్వల్పమైన విద్యుత్తుతో మేల్కొలుపు క్రమమును భూమిపైని సిమ్యులేటరులో ముందుగా పరీక్షించి, ఆ పిమ్మటనే పైవారికి చదివి వినిపించిరి. మువ్వురును క్షేమముగా వచ్చిరి.

దిగుటలో తొందరయు, సంశయమును రెండును ప్రమాదమే. చంద్రునిపై గాలి లేదు గనుక గొడుగులు పనిచేయవు. వేగమంతయు ఇంజనుతోనే చంపవలెను. నేలకు పైన గాలిలో నిలిచి చోటు వెదకుకొనుచున్న ప్రతి సెకనునకు 1.62 మీటర్ల వేగము వ్యర్థమగును. ఒక్క నిమిషము నిలిచిన 97 మీటర్లు. తొమ్మిది నిమిషములకు కొంచె మెక్కువగా నిలిచినచో చంద్రకక్ష్యనుండి భూమికి వచ్చునంత ఖర్చు అక్కడనే అయిపోవును. ఒకే తొట్టితో పోయివచ్చు నౌకను నడుపు బాలుడు ఈ సంగతిని ఒకసారి చూచెనా, మఱల అనవసరముగా నిలువడు.

ఈ భాగమున సిమ్యులేటరుల ప్రయోజనమును తెలుపు నిజకథ యొకటి చెప్పవలసియున్నది. 1969 జూలై మొదటి దినములలో, అపోలో 11 బయలుదేరుటకు ముందు, భూమిపైని నియంత్రణశాలవారికి కడపటి అభ్యాసములు జరుగుచుండెను. పరీక్షాధికారి కంప్యూటరునుండి 1201 అను హెచ్చరిక వచ్చునట్లు చేసెను. మార్గదర్శనము చూచు స్టీవ్ బేల్స్ అను యువకుడు దాని యర్థము తెలియక దిగుటను మానుకొమ్మని చెప్పెను. అభ్యాసము ముగిసిన పిదప, ఆ హెచ్చరికకు మానుకొననక్కఱ లేదని తేలెను. వెంటనే హెచ్చరికలన్నిటిని పరిశీలించి, ఏది ప్రమాదమో ఏది కాదో తెలుపు పట్టికను జాక్ గార్మన్ అను మఱియొక యువకుడు తన చేతివ్రాతతో సిద్ధపఱచుకొనెను. జూలై 20న, నిజముగా దిగుచుండగా, 1202 అను హెచ్చరిక వచ్చెను. గార్మన్ పట్టిక చూచి చెప్పెను. బేల్స్ ముందుకు పొమ్మనెను. ఆర్మ్‌స్ట్రాంగ్ దిగినప్పుడు దిగుటకుంచిన ఇంధనము ఒక నిమిషమునకు లోపుగా మిగిలియుండెను. అభ్యాసమున ఒకసారి తప్పు జరుగనిచో ఆనాడు ఏమగునో!

లేచుటకు వత్తము. పెద్దనౌకను పట్టుకొనుట అన్నింటికంటె వింతయైన పాఠము. అది ముందు పోవుచున్నది, మనము వెనుక నున్నాము. బాలుడు వెంటనే ముందుకు ఇంజను వేయును. నౌక వేగము పొందును, పైకి లేచును, పెద్ద కక్ష్యలో పడును. పెద్ద కక్ష్యలో చుట్టు తిరుగుటకు ఎక్కువ సేపు పట్టును గనుక మఱింత వెనుకబడును! ముందున్నదానిని అందుకొనవలెనన్నచో క్రిందికి దిగవలెను. చంద్రునికి 100 కిలోమీటర్ల పైన ఒక చుట్టునకు సుమారు 118 నిమిషములు. పది కిలోమీటర్లు క్రిందుగా తిరిగినచో ఇంచుమించు ఒక నిమిషము తక్కువ పట్టును. ఆ ఒక్క నిమిషములో సుమారు 95 కిలోమీటర్ల దూరము తఱుగును. కెప్లరు సూత్రమును పుస్తకమున పదిసార్లు వల్లించినవానికంటె, ఇట్లు ఒకసారి వెనుకబడి చూచినవానికే అది చక్కగా గుర్తుండును.

ఈ అతుకు విద్యయందు మన దేశమును ఇటీవలనే అడుగుపెట్టెను. 2024 డిసెంబరు 30న శ్రీహరికోటనుండి ఎగిరిన స్పేడెక్స్ జంట ఉపగ్రహములు 2025 జనవరి 16న భూకక్ష్యలో ఒకదానితో నొకటి అతుకుకొనెను. చంద్రునినుండి మట్టిని తెచ్చుటకు ఉద్దేశించిన చంద్రయాన్-4 ఏర్పాటునకు కేంద్ర మంత్రివర్గము 2024 సెప్టెంబరులో సమ్మతి నిచ్చెను. అందు నిదియే విద్య కావలయును.

అంతకుమునుపే మన నౌక యొకటి చంద్రునినుండి భూమివైపునకు వచ్చినదని పెక్కుమంది యెఱుగరు. చంద్రయాన్-3 అనగానే 2023 ఆగస్టు 23 సాయంకాలము విక్రమ్ దిగుటయే జ్ఞప్తికి వచ్చును. దానిని చంద్రునివఱకు మోసికొనిపోయిన చోదకభాగమును ఎవరును తలపరు. జూలై 14న శ్రీహరికోటనుండి బయలుదేరినప్పుడు దాని బరువు 2,148 కిలోగ్రాములు. రాకెట్టు గుఱి తప్పక విడిచినందునను, దారిలోని సవరణలు పొదుపుగా జరిగినందునను, చంద్రకక్ష్యలో ఒక మాసము పనిచేసిన పిదప గూడ అందు 100 కిలోగ్రాములకు పైగా ఇంధనము మిగిలెను. దానిని వ్యర్థము చేయక, తిరుగు ప్రయాణపు విద్య నేర్చుకొనుటకు శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. చంద్రునిపై కూలరాదు, భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున సమాచార ఉపగ్రహములు తిరుగు పట్టీలోనికిని రాకూడదు. ఇట్టి దారిని లెక్కించుటకు వారు క్రొత్త సాఫ్ట్‌వేరును సిద్ధము చేసి సరిచూచుకొనిరి. అక్టోబరు 9న కక్ష్య దూరపు కొనను 150 కిలోమీటర్లనుండి 5,112కు పెంచిరి. 13న భూమివైపునకు మరల్చిరి. నవంబరు 10న చంద్రుని పట్టు వదలుటకు పూర్వము నాలుగు మాఱులు చంద్రుని ప్రక్కగా సాగెను. నవంబరు 22న భూమికి 1,54,000 కిలోమీటర్ల దూరమున మొదటిసారి దాటెను. విక్రమ్ కూడ సెప్టెంబరు 3న మఱల ఇంజను వెలిగించి సుమారు 40 సెంటీమీటర్లు ఎగిరి దిగెను. జానెడు రెండు జానలు! అయినను అది చంద్రునినుండి లేచుట.

మన ప్రాంతముతో సంబంధము గల యింకొక పేరు చెప్పి ముందుకు పోవుదును. 2016 వఱకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. ఆ మహబూబ్‌నగర్‌లో పితృవంశపు మూలములు గల రాజాచారి అను అమెరికా వ్యోమగామి 2021 నవంబరులో డ్రాగన్ నౌకకు నాయకుడై అంతరిక్ష కేంద్రమునకు పోయి, 2022 మే మాసమున తిరిగివచ్చెను. అట్టి నాయకులును ముందుగా సిమ్యులేటరులలో బహుకాలము అభ్యసించినవారే.

మిగిలినది వాయుమండల ప్రవేశము. చంద్రునినుండి వచ్చు నౌక సెకనుకు 11 కిలోమీటర్ల వేగముతో గాలిని తాకును. భూకక్ష్యనుండి దిగు నౌకవేగము 7.8. భేదము స్వల్పముగా తోచును గాని, ప్రతి కిలోగ్రాము మోసికొనివచ్చు శక్తి రెట్టింపు. ఆ శక్తి యంతయు వేడిమిగా మాఱవలెను. అపోలో నౌకలు క్షితిజమునకు ఆఱున్నర డిగ్రీల క్రిందుగా గాలిలో ప్రవేశించెడివి. అటు నిటు సుమారు ఒక డిగ్రీ మాత్రమే చోటు. నిటారుగా వచ్చినచో దెబ్బకు లోనివారు తాళలేరు. పల్చగా వచ్చినచో, చెఱువులో బాలురు విసరు పెంకు నీటిపై ఎగిరెగిరి పోయినట్లు, నౌక గాలిపై ఎగిరి మఱల శూన్యములోనికి పోవును. ఈ కోణమును నిర్ణయించునది భూమి దగ్గఱ చేయు పని కాదు. మూడు దినముల క్రిందట, చంద్రుని వెనుక, ఇంజను ఆపిన క్షణమున దాదాపుగా నిర్ణయమైపోయినదే.

అభ్యాసము: పై లెక్కలో చిన్ననౌక 200 కిలోగ్రాములకు బదులు 300 కిలోగ్రాములైనచో, భూకక్ష్యనుండి ఎంత బరువు బయలుదేరవలయునో లెక్కింపుడు. 8,500 దాటిన సంఖ్య రావలయును. పిదప ఆ నూఱు కిలోగ్రాములకు బదులు అంతే బరువుగల చంద్రశిలలను కక్ష్యలోని పేటికకు చేర్చి భూమికి తెచ్చునెడల ఎంతయగునో వేఱుగా లెక్కించి, రెంటిని పోల్చుడు.